గున్నయ్య దుర్బీను

గున్నయ్యను పోలీసులు మంచె మీంచే దింపి తీసుకుపోయారు. అతని మెడలో జనపనార తాడుతో వేలాడుతున్న పాత దుర్బీనే అందుకు కారణం. గునుపూరు దగ్గర వాళ్ళ మొక్కజొన్న చేలోకి ఏనుగులు దిగుతుంటే, అతను దానితోనే కొండవైపు కనిపెట్టుకుని ఉండేవాడు. గస్తీకి వచ్చిన జవాను ఒకడు ముచ్చటపడి దాన్ని కంటికి ఆనించుకున్నాడు. లోపల నిలువుగా, మొనదేలిన నల్లటి గీత కనబడేసరికి ముచ్చట కాస్తా ఎగిరిపోయింది. అది తుపాకీ మీద బిగించే దుర్బీను.

మర్నాడు మొదటి బస్సుకే గున్నయ్య పెళ్ళాం పుణ్యవతి రాయగడ వచ్చి స్టేషను మెట్లెక్కింది. బెంచీ చూపించారు కానీ కూర్చోలేకపోయింది. గుమ్మందాకా పోవడం, మళ్ళీ రావడం, మొగుణ్ణి ఉంచిన గదివైపు మెడ సాచడం. ఎస్సై సౌమ్యరంజన్ ఒడియాలో ఆమెను అడిగింది ఒకే మాట: దుర్బీను మీ ఇంట్లో ఉంటే దాని తుపాకీ ఎవరి చేతిలో ఉంది? నారాయణపట్న అడవిలో తిరిగే నక్సలైట్ల చేతిలోనా? తెలియదంది పుణ్యవతి. నిజంగానే ఆమెకు తెలియదు.

సంగతి తేల్చడానికి ఎస్సై తిరుపతిరావును పిలిపించాడు. కొరాపుట్‌లో పోలీసు తుపాకులు బాగుచేసి రిటైరై, రాయగడలో స్థిరపడ్డ శ్రీకాకుళం మనిషి. ఆయన దుర్బీనును బల్లమీద పెట్టి, కిరసనాయిలు గుడ్డతో పాత రంగు తుడుస్తూ పోయాడు. సర్వేవాళ్ళదో, ఆటవస్తువో అని చెప్తే బాగుండునని పుణ్యవతి ఆశ.

రంగు కింద ఒక బాణం గుర్తు, పక్కన 1944 అనే అంకె తేలాయి.

"ఇంగ్లండుది. యుద్ధం రోజుల్లో చేసింది," అన్నాడాయన. దాని కిందున్న ఇనప పట్టీ తిప్పి చూపించాడు. "ఊరికే కూకున్న సరుకు కాదు, సారూ. అంచు అరిగిపోయింది. శానా గుళ్ళు పేలిన తుపాకీ మీద ఉన్నాదిది. ఈ పట్టీ మీదున్న నంబరే ఆ తుపాకీ మీదా ఉంటాది."

ఆయన టీకని బయటికి రాగానే పుణ్యవతి వెంటపడింది.

"బాబూ, ఆ నంబరు మాట రాయకపోతే ఏటి పోద్ది?"

"కళ్ళతో సూసింది రాయాల కదమ్మీ," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించాడు. "పట్టీలో తుపాకీకి ఆనే వైపంతా ఆముదం. దుర్బీనుకి అక్కడ ఆముదం దేనికి? మళ్ళీ బిగించాలన్న ఆశున్నోడే రాస్తాడు. నీ పెనిమిటిని అడుగు."

ఎస్సైని బతిమాలుకుని ఆమె గున్నయ్య దగ్గరికి వెళ్ళింది. 

"తుపాకీ ఏది?"

"అమ్మ మీద ఒట్టు..."

"ఒట్లొద్దు. ఎక్కడున్నాది?"

గున్నయ్య తల దించుకున్నాడు. "పశువుల సాలలో. కుడితి తొట్టి కింద నాన్న పాతీసేడు. వేటకొచ్చిన మిలట్రీ దొర దేశం ఒదిలి పోతా నాన్నకి ఇచ్చీసేడంట. తరవాత ఇటు పోలీసులు, అటు అన్నలు, తుపాకులకోసం ఇళ్ళన్నీ గాలించేరు. నాన్న బయపడిపోయేడు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

కాపురానికి వచ్చినప్పటినుంచి ఆ తొట్టి పక్కనే కూర్చుని ఆమె పాలు పితుకుతోంది.

పుణ్యవతి వీధిలోకి వచ్చి నిలబడింది. ఇప్పుడే ఇంటికి పోయి, తవ్వి తీసి వంశధారలో పడేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఎస్సై మనసులో ఆ తుపాకీ అడవిలోనే ఉండిపోతుంది, దాంతోపాటు గున్నయ్యా ఈ గదిలోనే ఉండిపోతాడు. బస్టాండువైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. గిరుక్కున తిరిగి స్టేషనులోకి వెళ్ళి ఎస్సైతో మొత్తం చెప్పేసింది.

జీపులో తిరుపతిరావునూ ఎక్కించుకున్నారు. శాలలో తొట్టి పక్కకు జరిపాక కానిస్టేబులు గునపం అందుకోబోతే పుణ్యవతి ఇవ్వలేదు, తనే తవ్వింది. మైనపుగుడ్డ చుట్టిన తుపాకీ బయటపడింది. చెక్కంతా చెదలు తినేశాయి, ఇనుము తుప్పుపట్టింది. తిరుపతిరావు తుప్పు గీకి నంబరు చదివాడు. పట్టీ మీది నంబరే. ఎస్సై ముఖం బిగుసుకుంది. ముసలాయన ఇంకా గీకుతూనే ఉన్నాడు. పుణ్యవతికి ఆ గీకుడు చప్పుడు పళ్ళలో జివ్వుమంటోంది.

"ఇటు రండి సారూ," అన్నాడాయన ఉన్నట్టుండి. మొనకు మొన తగిలించుకున్న రెండు బాణాలు. "ఒక బాణముంటే సర్కారు సొత్తు. రెండూ ఇలా ఎదురెదురుగా కొట్టేరంటే సర్కారే దీన్ని అమ్మీసిందని. ఎవుడూ దొంగిలించింది కాదిది."

అడవి మాట ఎస్సై మళ్ళీ ఎత్తలేదు. లైసెన్సు లేని తుపాకీ దాచినందుకు కేసు మాత్రం రాశాడు. కొన్నాళ్ళకు గున్నయ్య బెయిలు మీద ఇంటికి వచ్చాడు.

అన్నం తిని చెయ్యి కడుక్కున్నాడో లేదో, పుణ్యవతి వచ్చి ఎదురుగా నిలబడింది.

"లెగు. ఈ ఇంట్లో ఎక్కడేటున్నాదో సూపించు."

"ఇంకేటీ లేదే."

"లేదనే సూపించు."

అతను లేచి నడిచాడు. అటక, పొయ్యి వెనక, పెరటి గోడ. ప్రతిచోటా ఆగి "ఇక్కడేటీ లేదు" అంటున్నాడు, ఆమె తలాడిస్తూ వెనకే వస్తోంది. ధాన్యం గాదె దగ్గర అతని అడుగు కాస్త తడబడింది.

"ఏటి?"

"ఏటీ లేదు. కాలు బెణికింది."

పుణ్యవతి అతని కాలు చూసింది, మొహం చూసింది. పోయి గునపం తెచ్చుకుంది.