నీళ్ళు వెతికే ఆదివారాలు

కళ్ళజోళ్ళత్తయ్య పెరట్లో నిమ్మచెట్టు విరగబూసిన రోజుల్లో, పక్కింటి అమ్మాయి గోడ మీదుగా ఆ కబురు చెప్పింది.

"రేపు పొద్దున పదింటికి దోమల మందు కొట్టేవాళ్ళు వస్తున్నారత్తయ్యా. తలుపులూ కిటికీలూ వేసుకోండి. చంటాడి ఒళ్ళు చూశారా? నిండా దద్దుర్లే."

ముప్పై ఏళ్ళు కళ్ళజోళ్ళ కొట్టు నడిపింది కనుక ఆవిడ వీధంతటికీ కళ్ళజోళ్ళత్తయ్యే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు.

"ఎక్కడెక్కడ కొడతారమ్మా?"

"పెరడంతా. మీ నిమ్మకొమ్మలు మా వైపే వంగి ఉన్నాయిగా, వాటి మీద కూడా కొడతారట."

అత్తయ్య తలెత్తి చూసింది. తెల్లటి పూత మీద తేనెటీగలు జుమ్మంటున్నాయి.

"ఒక్క వారం ఆగమ్మా. ఆ దోమల సంగతి నేను తేలుస్తాను" అనేసింది, ముందూ వెనకా చూసుకోకుండా.

బస్సుల మెకానిక్కైన ఆ అమ్మాయి మొగుడు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "వారమేనండీ. ఆపైన ఆగలేను. వాడు గోక్కుంటుంటే చూడలేకపోతున్నాం."

న్యాయమైన మాటే. అత్తయ్య తలూపి లోపలికి వచ్చి కుర్చీలో కూలబడింది. దోమల మందు అన్న మాట వింటే చాలు, ఆవిడకి నాన్న గుర్తొస్తాడు. ఖాకీ చొక్కా, దాన్ని ఎన్నిసార్లు ఉతికినా వదలని కిరసనాయిలు వాసన.

నాన్న ఊళ్ళో దోమల మందు కొట్టే ఉద్యోగి. పొగ మిషను భుజాన వేసుకుని వీధిలోకి వస్తే పిల్లలంతా "పొగమామయ్యా" అని వెంటపడేవాళ్ళు. ఆ తెల్లటి పొగలోంచి నాన్న బయటికి నడిచొస్తుంటే, "మా నాన్న" అని అందరికీ వినబడేలా అరిచేది ఆవిడ. అప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. ఊరంతటికీ మందు కొట్టే మనిషి సొంత పెరడు మాత్రం పట్టించుకునేవాడు కాదు. ఆవిడ కాళ్ళ నిండా దోమకాట్లే. బడిలో పిల్లలు "పొగమామయ్య కూతురికే దోమలు" అని ఒకటే నవ్వులు.

"మనింట్లో కూడా కొట్టు నాన్నా" అని ఒక రాత్రి ఏడ్చింది. కూతురి కంట నీరు చూస్తే కరిగిపోయే మనిషి. మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి వెళ్ళేముందు, స్ప్రే డబ్బా నింపి అమ్మ వేసిన గుమ్మడిపాదు దగ్గర్నుంచి వెనక గోడ దాకా తడిసిపోయేలా కొట్టాడు. గుమ్మడిపూలు విచ్చుకుని ఉండే వేళ అది.

మధ్యాహ్నం వెనకింటి వడ్రంగి తాత వచ్చాడు. ఆయన తన చేత్తో చేసిన చెక్కపెట్టెల్లో తేనెటీగల్ని పెంచేవాడు. దోసిలి నిండా చచ్చిన ఈగలు తెచ్చి గుమ్మం మీద పోశాడు. తిట్టలేదు. "పెట్టెల కింద ఇంకా కుప్పలున్నాయిరా అబ్బాయ్" అని మాత్రం అన్నాడు.

అన్నం తినడానికి ఇంటికొచ్చిన నాన్న చేతులు కట్టుకు నిలబడ్డాడు. "నా బుద్ధి గడ్డి తింది బాబాయ్" అన్నాడు. పిల్ల అడిగిందని అనలేదు. తలుపు చాటున నిలబడ్డ పిల్ల వైపు చూడనైనా లేదు.

ఆ ఏడు గుమ్మడిపాదు పూసింది కానీ పిందె నిలవలేదు. అమ్మా ఆవిడా తెల్లారగానే లేచి, మగపువ్వు తుంచి ఆడపువ్వుల్లో పుప్పొడి అద్దేవారు. ఈగలు చేసే పని మనుషులు చేస్తే నడుములు పట్టేశాయి. మొత్తానికి మూడే కాయలు కాశాయి. అందులో పెద్దది నాన్న వడ్రంగి తాతింటికి మోసుకెళ్ళాడు.

ఆ తరవాతే ఆదివారాలు మొదలయ్యాయి. నాన్న చేతిలో గరిట, ఆవిడ చేతిలో టీ వడపోత గిన్నె. ఇద్దరూ పెరడంతా నీళ్ళు వెతికేవారు. పగిలిన కుండ బోర్లించేవారు, పాత టైరుకి చిల్లులు పొడిచేవారు. తొట్టి ఖాళీ చేయడమే కాదు, గోడలకి గుడ్లు అంటుకునుంటాయని గరగరా తోమేవారు. "గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది అమ్మలూ. వారానికోసారి మనం వచ్చామంటే దాని పని ఐపోయినట్టే" అనేవాడు. వడపోతలో వంకర్లు తిరిగే దోమపిల్లలు పడితే, నిధి దొరికినట్టు ఇద్దరూ కేకలు వేసేవారు. అంతకన్నా మంచి ఆదివారాలు మళ్ళీ ఆవిడ బతుకులో రాలేదు.

మందు కబురు విన్న మర్నాడు పొద్దున్నే చీరకొంగు దోపుకుని పక్కింట్లో దిగింది అత్తయ్య. అమ్మాయి చంటాణ్ణి చంకనేసుకుని వెంట నడిచింది. పూలకుండీల కింది పళ్ళేలు, మూతలేని రంగుడబ్బా, పిల్లాడి పాత ప్లాస్టిక్ తొట్టి, అన్నీ ఒలకబోసి తోమారు. ఖాళీ చేయడానికి వీల్లేని నీళ్ళ డ్రమ్ముకి సన్నటి వల కట్టారు. దోమపిల్లల్ని చంపి తేనెటీగల జోలికి పోని మందుబిళ్ళ ఒకటుంటే, విత్తనాల కొట్టు నుంచి తెచ్చి, పాకెట్టు మీద రాసినట్టే డ్రమ్ములో వేశారు. చంటాడి ఉయ్యాలకి దోమతెర వచ్చింది. వసారాలో ఫ్యాను పెట్టించింది. "గాలి తగిలితే దోమ నిలదొక్కుకోలేదమ్మా, బక్కప్రాణి."

మూడు రోజులు గడిచాయి. దోమలు తగ్గిన జాడ లేదు. నాలుగోనాటి సాయంత్రం మెకానిక్ మెడ మీద చరుచుకుని, "ఏంటత్తయ్యగారూ, మీ మాట దోమలకి ఇంకా చేరినట్టు లేదు" అన్నాడు. ఆవిడకి నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

అయిదో రోజు నిమ్మచెట్టు కింద కూర్చుని ఆలోచించింది. కిందంతా చూశాం. మరి పైన?

"బాబూ, నిచ్చెన వేసి ఆ రేకుల షెడ్డు అంచున గొట్టం చూడు" అంది.

ఆ షెడ్డు ఆవిడదే. కొట్టు మూసేశాక సామాను పెట్టుకున్న షెడ్డు. మెకానిక్ పైకెక్కి చెయ్యి పెట్టి, "అమ్మో!" అన్నాడు. పైన తెరిచున్న ఆ వాననీళ్ళ గొట్టంలో నిమ్మాకులు కుళ్ళి అడ్డం పడ్డాయి. వాటి వెనక నల్లటి నీళ్ళు. గరిటెడు ముంచి చూస్తే, గిలగిల్లాడే పురుగులు నూటికి తక్కువుండవు.

అత్తయ్య మొహం చిన్నబోయింది. "మీ పెరడంతా వెతికాను. దోమల్ని మేపింది నేనన్నమాట."

"పోనీలెండి, ఊరూపేరూ లేని దోమలనుకుని చంపించబోయాం, మీ ఇంటి చుట్టాలట!" అని మెకానిక్ పైనుంచే నవ్వాడు. గొట్టం మొత్తం తోడి, కడిగి, వాలు సరిచేశాడు.

వారం నిండేసరికి దోమలు సగానికి తగ్గాయి. మందువాళ్ళకి ఫోను చేసి వద్దని చెప్పేశారు. ఇంకో వారానికి చీకటి పడే వేళ ఒకటీ అరా తప్ప కనబడలేదు. చంటాడి ఒంటి మీద దద్దుర్లు మానిపోయాయి.

ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని, వడ్రంగి తాత దోసిలి సంగతి అమ్మాయికి చెప్పింది అత్తయ్య. యాభై ఏళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి.

"నేనడిగాననే నాన్న మందు కొట్టాడమ్మా. ఆ మాట తాతతో ఒక్కనాడూ అనలేదు. నేనూ నాన్నతో ఎప్పుడూ ఎత్తలేదు. పోయేముందు ఆసుపత్రిలో పక్కనే కూర్చున్నాను. అప్పుడైనా అనుండాల్సింది."

"ఏమనేవారత్తయ్యా?" అంది అమ్మాయి.

అత్తయ్య కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఏమో. నన్ను కాపాడావు నాన్నా, అనేదాన్నేమో."

లోపల చంటాడు నిద్రలేచి రాగం అందుకున్నాడు. "నువ్వుండమ్మా, నేనెత్తుకొస్తాను" అంటూ అత్తయ్యే ముందు లేచింది.