తంగేడు చెక్క

రిబ్కా భర్త ఏసోబు రోడ్డు గ్యాంగులో కూలీ. తిరువూరు నుంచి ఎ.కొండూరు వెళ్లే రోడ్డు మీద గుంటలు పూడుస్తుండగా లారీ గుద్ది చనిపోయాడు. అతని పని రిబ్కాకు ఇచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. పిల్లల్లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. మామ లాజరు ఇంట్లోనే ఉండిపోయింది.

1973 వానలకు రోడ్డు గట్లు కోసుకుపోయాయి. కొత్తగా వచ్చిన ఇంజినీరు వాటి మీద పూలమొక్కలు పెంచమన్నాడు. తోటల్లో పెంచేవి కాదు, ఇక్కడి గుట్టల మీద వాటంతటవే మొలిచేవి. "నీళ్లు అడగవు, మట్టిని వదలవు, చూడటానికీ బాగుంటాయి" అన్నాడు. గ్యాంగు మేస్త్రీ అంకారావుకు అది పిచ్చిపనిగా తోచింది. అందుకే రిబ్కాకు అప్పజెప్పాడు.

ఆమె గుట్టలెక్కి తంగేడు కాయలు ఏరుకొచ్చింది. గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి, తొలకరికి రెండు కిలోమీటర్ల పొడవునా గుచ్చింది. మధ్యమధ్య తుమ్మి, విష్ణుక్రాంతం చల్లింది. మొలిచినవాటిలో సగం పశువుల కాళ్ల కింద పోయాయి. మళ్లీ గుచ్చింది. మూడో ఏడు చలికాలానికి గట్లు రెండూ పసుపు ఆరబోసినట్టు పూశాయి. బెజవాడ బస్సులో వాళ్లు తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఇంజినీరు జీపు ఆపి చూసి, "ఒక్క మొక్క పోయినా పూచీ నీదే" అని వెళ్లిపోయాడు. అది మెచ్చుకోలో హెచ్చరికో ఆమెకు తెలియలేదు. ఆమె ఇంకా తాత్కాలిక కూలీయే. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికి పోవలసిందే.

లాజరు పచ్చి తోళ్లు ఊని పదును చేసేవాడు. సున్నంలో నానబెట్టి బొచ్చు తీసిన తోలును తంగేడు చెక్క, అంటే కొమ్మల మీది బెరడు, వేసిన నీళ్లలో ఊరబెడితే గానీ చెప్పులకు పనికిరాదు. ఇన్నాళ్లూ గుట్ట మీద నుంచి తెచ్చుకునేవాడు. ఆ ఏడు గుట్టంతా చదును చేసి మామిడి పెట్టారు. తంగేడన్నది రోడ్డు పక్కన తప్ప ఇంకెక్కడా లేకుండా పోయింది.

"రెండు తోళ్లు సున్నంలోంచి తీసేశాను. చెక్క పడకపోతే కుళ్లిపోతయ్యి" అన్నాడు ఒకరోజు అన్నం తింటూ.

"రోడ్డు మీదియ్యి నావి కాదు మావా."

"నాటింది నువ్వేగా?"

"నాటింది నేనే. పోతే అడిగేది వాళ్లు."

లాజరు ముద్ద కంచంలో పెట్టేశాడు. "నా కొడుకుని మింగిన రోడ్డది. దాని పక్కన ఇంత బెరడు కూడా నాకు లేదా?"

రిబ్కా తల వంచుకుని మజ్జిగ పోసింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పనికి వెళ్లేసరికి నలభై మొక్కలు నిలువునా ఒలిచి ఉన్నాయి. తెల్లటి పుల్లలకు పూలు ఇంకా వేలాడుతున్నాయి. గాటు అడుగు నుంచి పైదాకా ఒకే ఊపులో లేచింది. అలా ఒలిచే చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. ఆమె గట్టు మీద కూలబడింది. పేరు చెబితే ఆ ఇంటి గడప ఎలా తొక్కాలి? చెప్పకపోతే పని పోతుంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే.

అంకారావు సైకిలు దిగి అటూ ఇటూ చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండి."

"నువ్వా?"

"ఇంట్లో చెక్క కావాల్సొచ్చిందండి. ఒలుచుకున్నాను."

అంకారావు ఆమె చేతుల వంక చూశాడు. "తంగేడు ఒలిస్తే వారం దాకా గోళ్లు ఎర్రగా ఉంటయ్యి. నీ గోళ్లకి మరకేదీ?"

రిబ్కా చేతులు చెంగులో దాచుకుంది.

"మీ మావ పేరు చెప్పు. నీ మీదకి రాకుండా నే చూసుకుంటా."

"నేనేనండి" అంది మళ్లీ.

అతను అలాగే రాసి పంపాడు. ఇంజినీరు పని తీసేయలేదు. మొక్కల దగ్గర నుంచి తప్పించి, గంపలగూడెం రోడ్డు మీద తారు పనికి వేశాడు. పొద్దస్తమానం మరిగే తారు పీపాల పక్కన నిలబడే ఆ పనికి ఎవరూ ఇష్టపడి వెళ్లరు.

ఇంటికొచ్చి చెప్పింది. లాజరు తోళ్ల తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"నా పేరు చెప్పాల్సింది. ముసలాణ్ణి, నన్నేం చేస్తారు?"

"చెప్పి, ఏ ఇంటికి రమ్మంటావు మావా?"

మర్నాడు అతను అంకారావు దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాడు. "కాగితం పైకెళ్లిపోయింది. ఇప్పుడు నువ్వంటే, ఆమె అబద్ధమాడిందని ఉన్న పనీ తీసేస్తారు. నోరు మూసుకో" అన్నాడు మేస్త్రీ.

నెల తర్వాత ఒక సాయంత్రం కంకర ఎత్తడానికి గ్యాంగును లారీలో ఎ.కొండూరు వైపు తీసుకెళ్లారు. గట్టు మీద లాజరు మోకాళ్ల మీద కూర్చుని, ఒలిచిన మొక్కల్ని ఒక్కొక్కటే నేలకు జానెడు ఎత్తున కోస్తున్నాడు. అలా కోస్తే మొదట్లోంచి చిగురేస్తుందని ఆ పని చేసినవాళ్లకు తెలుసు. రిబ్కా "మావా!" అని కేకేసింది. లారీ మోతలో అతనికి వినపడలేదు. మలుపు వచ్చేదాకా ఆమె వెనక్కి తిరిగే నిలబడింది.

ఆ వానలకు నలభైలో పాతిక చిగురించాయని లాజరే చెప్పాడు. అప్పటికీ రిబ్కాను గంపలగూడెం రోడ్డు మీదే ఉంచారు. అరికాళ్ల బొబ్బలకు గుడ్డ చుట్టుకుని ఆమె రోజూ వెళ్తూనే ఉంది.