నగారా ఎటు పోయింది

మూడో చరణం మొదలుపెట్టగానే నీలా చెవుల్లో నగారా మాయమైంది.

మాయమైందంటే లచ్చిరాం కొట్టడం ఆపాడని కాదు. ఆమె మొగుడు లచ్చిరాం రెండడుగుల దూరంలోనే ఉన్నాడు, చెమటతో తడిసి ముద్దై వాయిస్తూనే ఉన్నాడు. కర్రలు లేస్తున్నాయి, పడుతున్నాయి. కానీ మైకుల శబ్దాన్ని నేరుగా చెవిలోకి తెచ్చే ఇయర్ మానిటర్లు నీలా పెట్టుకుంది, వాటిలో ఆ దెబ్బ లేదు. గజ్జెలు వినిపిస్తున్నాయి, తాళాలు వినిపిస్తున్నాయి, తన గొంతు డొక్కు రేడియోలోంచి వచ్చినట్టు సన్నగా వినిపిస్తోంది. అడుగున ఉండాల్సిన ఆ ధన్ మన్న మోతే లేదు. దానికి బదులు, మిర్యాలగూడ ఫంక్షన్ హాలు వెనక గోడకు తగిలి తిరిగొచ్చిన దెబ్బ ఒకటి కాస్త ఆలస్యంగా చెవిన పడింది. నీలా దాన్నే పట్టుకుని పాడింది. తాళం తప్పింది.

లంబాడీల తీజ్ పండుగ సభ అది. చుట్టుపక్కల తండాల ఆడవాళ్లంతా ముందు వరసల్లో కూర్చున్నారు. తాళం తప్పితే వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్తగారి పెట్టెలోంచి తీసిన పాత వెండి సొమ్ములన్నీ మొదటిసారి పెట్టుకుని, అద్దాల రవికె తొడుక్కుని, పూర్తి వేషంలో నిలబడిన నీలాకు ఆ స్టేజీ మీదే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

పదిహేనేళ్లుగా పాడుతున్న మనిషి. ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. ఏడవడం కంటే సులువైన పని ఇంకొకటుంది, కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషిని వెతుక్కోవడం. వెతకడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

కోదాడలో బస్టాండు వెనక సంజీవ్ అనే కుర్రాడి షాపు ఉంది. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం మీద మనసు పోక, మైకులు, స్పీకర్లు, ఇయర్ మానిటర్లు బాగుచేస్తూ కూర్చున్నాడు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా స్టేజీ ఎక్కి పాడేవాళ్లందరికీ ఇట్లాంటి పనికి అదొక్కటే షాపు. నాలుగేళ్లుగా నీలా అతన్ని తమ్మీ అనే పిలుస్తుంది. పండుగకు నాలుగు రోజుల ముందు, తన మానిటర్లలో గజ్జెల చప్పుడు మందగించిందని, ఆ జత మొత్తాన్ని అతని దగ్గర రెండు రోజులు వదిలిపెట్టి వచ్చింది.

ఆ రోజు అతను చక్కగా కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పడంతోనే అతని ఖర్మ కాలింది.

"ఇందులో ఇద్దరుంటారు నీలక్కా. ఒకటి సన్నటి పొర. దాని వెనక రాగి తీగ చుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతం. కరెంటు వచ్చి పోతుంటే చుట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది, దాంతోపాటు పొర గాలిని తోస్తుంది. బావ నగారా ఉంది చూడండి, అదే పని. బేస్ అంతా దీనిదే. రెండోది ఇదిగో, నాలుగు బియ్యపు గింజలు పక్కపక్కన పెడితే ఎంతుంటుందో అంత రేకు డబ్బా. దీని లోపల చిన్న నాలుకలాంటి రేకు అయస్కాంతాల నడుమ వణుకుతుంది. గజ్జెలు, తాళాలు, మీ గొంతులో పదును, అన్నీ దీనివి. ఎవరి వాటా శబ్దం వాళ్లకు పంచే చిన్న సర్క్యూట్ ఒకటుంటుంది. ఇద్దరి శబ్దం గొట్టంలోంచి వచ్చి ఈ జల్లెడ దాటి మీ చెవిలో పడుతుంది. జల్లెడలో గులిమి పేరుకుంటే ముందు గజ్జెలే పోతాయి. అంతే, పెద్ద రోగం కాదు."

నీలా అంతా విన్నది. విన్నదాంట్లో ఆమెకు గుర్తున్నది ఒక్క ముక్క, బేస్ అంతా పొరదే. ఇప్పుడు బేస్ పోయింది. అంటే పొర పోయింది. పొర దానంతటది నడిచి పోదు కదా! సగం తెలిసిన మనిషి లెక్క ఎంత తొందరగా తేలుతుందో చూడండి.

సభ అయిపోయి ఆ సాయంత్రం తండాకు రాగానే లచ్చిరాం మానిటర్లను ఫోనుకు తగిలించి విన్నాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది గోర్ బోలిలో, అంటే లంబాడీ భాషలో, మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"మంచిగనే ఉంది గదనే. నగారా గుండెల మీద కొట్టినట్టే ఇనొస్తుంది" అన్నాడు.

నీలా లాక్కుని తనూ విన్నది. నిజంగానే బాగుంది. మామూలు మనిషైతే అక్కడ ఆగి ఆలోచించేది. నీలాకు అనుమానం ఇంకా గట్టిపడింది.

"ఫోన్ల మంచిగనే ఉంటది. డూప్లికేటు సామాను ఇంట్ల మంచిగనే పనిచేస్తది, స్టేజీ మీద దెబ్బ పడ్డంక తెలుస్తది దాని సంగతి" అంది. తర్వాత వాటిని దీపం కిందికి పట్టుకుని చూసి, "గిది సూడు. గింత మెరుపెందుకు దీనికి? నేనిచ్చినప్పుడు గీతలుండె. ఇప్పి, లోపలిది తీసి, మళ్ల అతికిచ్చి, కానరాకుంట నున్నగ రుద్దిండు" అంది.

సంజీవ్ అక్క మీద అభిమానంతో, అడగకుండానే ఒక అరగంట కూర్చుని వాటికి మెరుగు పెట్టాడు. అది కాస్తా దొంగతనానికి సాక్ష్యమైంది.

లచ్చిరాం మంచి మనిషే గాని గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "ఒకసారి ఆ పోరగాన్నే అడుగరాదు" అని మాత్రం అన్నాడు. నీలా అడగలేదు. కళాకారుల వాట్సాప్ గ్రూపులో గొంతు సవరించుకుని వాయిస్ మెసేజి పెట్టింది.

"కోదాడల సామాను ఇచ్చేటోళ్లు జర సూస్కోండ్రి. నా దాంట్ల అసలుది గుంజుకొని డూప్లికేటు పెట్టిండ్రు. మిర్యాలగూడల పరువు పోయింది. పేరు సెప్ప, మీకే ఎరుక."

పేరు చెప్పకపోవడం మర్యాద అనుకుంది. ఉన్నది ఒక్క షాపు, చెప్పనక్కరేముంది? తన వెంట కోరస్ పాడే రంగి నిమిషంలో జవాబిచ్చింది, "నాకు ఎప్పటిసందో డౌటే అక్కా." మరుసటి రోజు పొద్దుగూకే లోపు నలుగురు కోదాడ వెళ్లి తమ సామాను వెనక్కి తెచ్చుకున్నారు. బాగుపడ్డవీ, పడనివీ కలిపి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి సూర్యాపేటలో ప్రోగ్రాం. పొద్దున పదింటికే నీలా, లచ్చిరాం ట్రాలీ ఆటోలో నగారా వేసుకుని హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరారు. లచ్చిరాం బండి దగ్గరే ఆగిపోయాడు. నీలా బట్టల సంచీ భుజాన వేసుకుని షాపులోకి వెళ్లింది. సంజీవ్ బల్ల మీద ఎప్పుడూ ఉండే కుప్ప లేదు, బల్ల ఖాళీగా ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"రండి అక్కా. మీరు పెట్టిన మెసేజి నాకూ వినిపించారు."

"ఇన్నవు గద. మరి సెప్పు. తీసినవా, లేదా?"

"నేను విప్పనే లేదక్కా. జల్లెడలు శుభ్రం చేశాను, పైన మెరుగు పెట్టాను. అంతే."

"ఇప్పలేదని నాకెట్ల తెల్వాలె?"

చెయ్యని పని చెయ్యలేదని చూపించడానికి ఎవరి దగ్గరైనా ఏం ఉంటుంది? సంజీవ్ వాటిని అడిగి తీసుకుని ఫోనుకు తగిలించి వినిపించాడు. ఫోను మాట ఎత్తొద్దంది నీలా. చివరికి ఆమే తన సంచీలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టింది. హైదరాబాదులో ఆమె చెవి అచ్చు తీసుకుని వీటిని తయారుచేసినవాళ్లు ఇచ్చిన కార్డు అది. లోపలి పొర నంబరు, రేకు డబ్బా నంబరు అందులో ఉన్నాయి.

"ఇప్పు. నంబర్లు కలిస్తే నువ్వు మంచోనివి."

"అక్కా, వినండి. ఇది మూతపెట్టి తీసే డబ్బా కాదు. మీ చెవి అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్కు. కొయ్యాల్సిందే. కోస్తే మళ్లీ అదే ఆకారానికి అతకదు. సందు పడుతుంది. ఇవాళ మీకు ప్రోగ్రాం కూడా ఉందని విన్నాను."

"భయమైతుందా?"

ఆ మాటకు అతని మొహం మాడిపోయింది. సన్న రంపపు మిషను తీసి, ఎడమ చెవిదాన్ని పట్టుకారులో బిగించి, మరొక్కసారి ఆమె వంక చూశాడు. నీలా తల తిప్పుకోలేదు. మిషను తిరిగింది. కుంకుమ రంగు ప్లాస్టిక్కు పొడి బల్ల మీద రాలింది. నాలుగేళ్లు తన చెవిలో ఇమిడిపోయిన వస్తువు రెండు చెక్కలవుతుంటే నీలా బల్ల మీది కార్డును దగ్గరికి లాక్కుంది.

సంజీవ్ భూతద్దం ఆమె చేతికే ఇచ్చాడు. పొర వెనక నంబరు. రేకు డబ్బా మీద నంబరు. నీలా కార్డు చూసింది, లోపల చూసింది, మళ్లీ కార్డు చూసింది. అంకె అంకె వేలు పెట్టి చదివింది. రెండూ కలిశాయి. తయారుచేసినప్పటి జిగురు కూడా పసుపెక్కి ఎక్కడిదక్కడే ఉంది, దాన్ని ఎవరూ తాకలేదు.

"మరి నగారా ఎటు పోయింది?" అంది. ఈసారి గొంతు తగ్గింది.

"ఆ రోజు సరిగ్గా ఏం వినిపించిందో చెప్పండి."

నీలా చెప్పింది. గజ్జెలు, సన్నటి గొంతు, వెనక గోడ నుంచి ఆలస్యంగా వచ్చిన దెబ్బ. గోడ మాట రాగానే సంజీవ్ తలెత్తాడు.

"గోడ చప్పుడు వినిపించిందా? ఇది చెవిలో సరిగా కూర్చుంటే బయటి చప్పుడు అంతగా రాదు కదక్కా. బయటిది లోపలికి వచ్చిందంటే లోపలిది బయటికి పోయినట్టే. పొర తోసే గాలి చెవిలోనే బందీగా ఉంటేనే బేస్. వెంట్రుకంత సందున్నా ఆ గాలి జారిపోతుంది. గజ్జెలకు సందున్నా నష్టం లేదు. నగారాకు ఉండకూడదు. ఆ రోజు తలకీ చెవులకీ కొత్తగా ఏమైనా పెట్టుకున్నారా?"

నీలా సంచీ విప్పింది. అత్తగారి టోప్లి తీసింది. కణతల దగ్గర జుట్టుపాయలకు కట్టుకుంటే చెవుల ముందు నుంచి బుగ్గల మీదికి వేలాడే వెండి సొమ్ము, పెళ్లయిన ఆడది పెట్టుకునేది. ఎప్పుడూ స్టేజీ మీద చీరే కట్టేది, ఇది పెట్టేది కాదు. తీజ్ కదా అని, పూర్తి వేషం కావాలని సభవాళ్లు అడిగారని, ఆ రోజే మొదటిసారి పెట్టింది. అద్దం లేకుండానే కట్టుకుంది. మిగిలిన కుడి చెవిదాన్ని పెట్టుకుని, తీగను చెవి మీది నుంచి వెనక్కి వేసుకుంది. సంజీవ్ నగారా పాట పెట్టాడు. దెబ్బ గట్టిగా పడింది.

"ఇప్పుడు స్టేజీ మీద ఊపినట్టు తల ఊపండి."

ఊపింది. వెండి బరువు ఊగి, జుట్టుపాయను గుంజి, పాయ కింద చిక్కుకున్న తీగను ముందుకు లాగింది. చెవిలోది కొంచెం, కొంచెమే, పక్కకు ఒరిగింది. నగారా మాయమైంది. సంజీవ్ చెయ్యి చాచి వేలితో దాన్ని లోపలికి నొక్కాడు. నగారా వచ్చింది. వేలు తీశాడు. పోయింది.

నీలా పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. సిగ్గేసింది. అడగడానికి రెండు నిమిషాలు పట్టేది, అడగలేదు. తన చెవి మీద తన ఇంటి సొమ్మే తప్పు చేస్తుంటే పరాయి పిల్లవాడి జేబులో వెతికింది.

ఫోను తీసి గ్రూపులో మాట్లాడింది. "సంజీవ్ తమ్మునిది ఏం తప్పు లేదు. నాది మంచిగనే ఉంది. అందరు ఆయన తానికే పోండ్రి." అంతే అంది. టోప్లి సంగతి చెబితే నవ్వుతారని చెప్పలేదు.

నిమిషం తిరక్కుండా రంగి గొంతు వచ్చింది. ఫోను స్పీకరు మీదే ఉంది, సంజీవ్ ఎదురుగానే ఉన్నాడు. "ఏందక్కా, గిట్ల మాట మార్చినవ్? కొత్త జత చేసిచ్చి నీ నోరు మూసిండా ఏంది?" వెనకాలే ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు.

నీలాకు రంగి మీద కోపం రావాల్సింది. రాలేదు. రంగి స్థానంలో తనుంటే అచ్చం అదే మాట అనేది, ఇంకా రెండు కలిపి. మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఈసారి అంతా చెప్పింది. అనుమానంతో తనే పట్టుబట్టి కోయించిన సంగతి, నంబర్లు కలిసిన సంగతి, టోప్లి ఊగి చెవిలోది ఒరిగిన సంగతి, నోటికొచ్చినట్టు ఒక పిల్లవాడి పేరు చెడగొట్టిన సంగతి. చివరిదాకా ఆపకుండా చెప్పి పంపింది. అందరూ విన్నట్టు టిక్కులు నీలమయ్యాయి.

బయట లచ్చిరాం హారను కొట్టాడు. నీలా కోసిన రెండు చెక్కల్ని అరచేతిలోకి తీసుకుంది.

"ఈ పూట ఒక్క చెవితోనే పాడుత. తమ్మీ, ఇవి ఈడనే పెట్టి పోత. లోపలివి మంచిగనే ఉన్నయి గద. కొత్త అచ్చు పోసి నీకు తీరినప్పుడు చెయ్యి."

సంజీవ్ చేతులు చాచలేదు. బల్ల మీది కుంకుమ రంగు పొడిని గుడ్డతో తుడుస్తూ అన్నాడు.

"చేస్తానక్కా. కానీ ఇక్కడ పెట్టి వెళ్లొద్దు. మీకు ఖాళీ ఉన్నప్పుడు తీసుకుని రండి, నా ఎదురుగా కూర్చోండి. పని అయినా, సగంలో ఉన్నా, వెళ్లేటప్పుడు మీది మీరు తీసుకెళ్లండి. ఇకమీద మీ ఒక్కరిదే కాదు, ఎవరి వస్తువూ షాపులో ఉంచుకోను."

అందులో కోపం లేదు. కోపముంటే నీలా బతిమాలేది, తిట్టించుకునేది, అక్కననే చనువుతో ఎదురు తిట్టేది కూడా. అతను మామూలుగా, కొత్త గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడాడు. ఆమె చెక్కల్ని కొంగు చివర ముడేసుకుని, టోప్లి విప్పి సంచీలో పెట్టుకుని, బండి వైపు నడిచింది.