పోలెండు అర్జీ

1832 జులై నెలాఖరున కాజిమిర్ వోల్‌స్కీ అనే పోలెండు లెఫ్టినెంటు ఐర్లండులోని స్లైగో పట్నానికి వచ్చి సార్జెంట్ థామస్ ఫీనీ ఇంట్లో మేడగదిలో దిగాడు. అతని ఎడమ చేతికి రెండే వేళ్లు మిగిలాయి. చంకలో ఒక తోలుసంచి, అందులో ఒక అర్జీ తప్ప మరే సామానూ లేదు.

ఫీనీ స్లైగోలోనే పుట్టాడు. ఇరవయ్యేళ్లు కుంపిణీవారి తెల్ల పటాలంలో, ఎక్కువకాలం బందరు కోటలో పనిచేసి, మోకాలు పాడై, పింఛను మీద సొంత ఊరు చేరాడు. వస్తూ వస్తూ భార్యను తెచ్చుకున్నాడు. ఆమె బందరు మనిషి. డెబోరా అన్నది పెళ్లికి ముందు పాదిరీ పెట్టిన పేరు. ఆ పాదిరీ భార్యే ఆమెకు ఇంగ్లీషు చదవడం కూడా నేర్పింది. ఫీనీకి మాత్రం అక్షరం ముక్క రాదు. ఇంట్లో ఇద్దరూ తెలుగే మాట్లాడుకునేవారు. ఆమె అతన్ని 'దొరా' అని పిలిచేది. చిన్నప్పుడు ఇదే వీధిలో చెప్పుల్లేకుండా తిరిగినవాడికి ఆ పిలుపు మహా ఇష్టం.

ఆదివారం ప్రార్థన అయ్యాక రేవు దగ్గర వోల్‌స్కీ జనాన్ని పోగుచేసి మాట్లాడాడు. వచ్చీరాని ఇంగ్లీషు. అయినా అందరికీ అర్థమైంది.

"పదిహేడేళ్ల కిందట వియన్నాలో రాజులు కూర్చుని మా దేశాన్ని పంచుకున్నారు. పెద్ద ముక్క రష్యా జారుకు ఇచ్చారు. అయితే మా చట్టం, మా సభ మాకు ఉంటాయని కాగితం రాశారు. దాని మీద ఇంగ్లండు కూడా సంతకం చేసింది. జారు మాట తప్పాడు. మేం తిరగబడ్డాం. పది నెలలు నిలబడ్డాం. ప్రష్యా సరిహద్దు మూసి జారు సైన్యానికి తిండిగింజలు ఇచ్చింది. ఫ్రాన్సు కన్నీళ్లు పెట్టుకుంది. ఇంగ్లండు మిక్కిలి విచారిస్తున్నామంది. మీ సంతకం ఏమైందని మీ పార్లమెంటును మీరు అడగండి. అంతే నేను కోరేది."

పీపాలు చేసే మార్టిన్ గాలహర్ అందరికన్నా ముందు సంతకం పెట్టాడు. "మీ మీద జారు, మా మీద ఇంగ్లండు. మీ గోడూ మా గోడూ ఒకటే, లెఫ్టినెంట్," అని అతని వేళ్లు తెగిన చేతిని పట్టుకుని ఊపాడు. ఫీనీ సంతకానికి బదులు శిలువ గుర్తు వేశాడు. వారంలో నాలుగు వందల పేర్లు చేరాయి.

ఇంటికొచ్చాక డెబోరా అడిగింది. "దొరా, పరాయి రాజు పటాలం వచ్చి ఇంకోళ్ల ఊళ్లో కూర్చోడం తప్పే గదా?"

"తప్పే మరి."

"అయితే మా బందరు కోసం ఎవరు సంతకాలు పెడతారు?"

ఫీనీ నవ్వబోయి ఆగిపోయాడు. "నేను కూలికి పోయినోణ్ణి," అన్నాడు.

ఆగస్టు రెండోవారంలో రేవు పక్క సందులో ఒకడు వాంతులు, విరేచనాలతో పొద్దున పడి మధ్యాహ్నానికి పోయాడు. మర్నాటికి పన్నెండుమంది. శవాల ముఖాలు నీలంగా, వేళ్లు ముడతలు పడి ఉన్నాయని విని డెబోరా ఆ రోగాన్ని గుర్తుపట్టింది. బందరులో తల్లినీ, మూడేళ్ల కొడుకునూ ఒకే రోజు తీసుకుపోయింది ఇదే. అక్కడ మరిడి అనేవారు. ఇక్కడి పేరు కలరా. వోల్‌స్కీకీ అది తెలుసు. రష్యా సైన్యం నుంచి తమ సైన్యానికి అంటుకుని తన దళంలో సగంమందిని తినేసిందని రేవు దగ్గర అతనే చెప్పాడు.

పార్లమెంటు మూసేలోగా అర్జీ లండన్ చేరాలి. వోల్‌స్కీ వెంటనే బయలుదేరాడు గాని సాయంత్రానికి తిరిగొచ్చాడు. నుదుటి మీద రాయి తగిలిన గాయం. పల్లెలవాళ్లు దారికి అడ్డంగా కందకం తవ్వి, గడ్డి ఎత్తే పంగలకర్రలు పట్టుకుని కాపలా ఉన్నారు. పట్నం నుంచి పురుగును కూడా దాటనివ్వడం లేదు. ఊళ్లో వడ్రంగులు చచ్చిపోయి శవపెట్టెలు చేసే దిక్కులేక శవాలను గోనెల్లో చుట్టి గోతుల్లో వేస్తున్నారు. రోగం పోతుందని వీధి వీధినా తారు పీపాలు తగలబెట్టారు.

బుధవారం ఫీనీ పడ్డాడు. డాక్టరు వచ్చి నెత్తురు తీశాడు, నీళ్లు ఇవ్వొద్దన్నాడు. అతను గుమ్మం దాటగానే డెబోరా ఉప్పు వేసిన గంజి కాచింది. ఆమె కాచడం, వోల్‌స్కీ చెంచాతో పోయడం. మూడు రోజులు ఆ మనిషి మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఫీనీ బట్టలు తనే మార్చాడు, తనే ఉతికాడు.

శనివారం పొద్దున తలుపు మీద దెబ్బలు పడ్డాయి. వీధిలో ముప్ఫైమంది దాకా ఉన్నారు. ముందు గాలహర్. వాడి పిల్లలిద్దరూ గురువారం పోయారు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఆ పోలెండువాణ్ణి బయటికి పంపు. రోగం వాడి వెంట వచ్చింది."

"ఆయన వచ్చి మూడువారాలైంది. ఆయనకే రోగం లేదు," అంది డెబోరా.

"అది నీ దేశంలో పుట్టి రష్యా మీదుగా వచ్చిందట. పేపర్లో రాశారు. నిన్నూ పంపమంటావా?" వెనక ఇద్దరు మండుతున్న తారు పీపాను గుమ్మం వైపు దొర్లించుకొస్తున్నారు. "వాడు రాకపోతే ఇల్లు తగలబెడతాం."

డెబోరా లోపలికి వచ్చింది. ఫీనీ కళ్లు మూసుకుని ఉన్నాడు. మోయడానికి లేదు, దాచడానికి లేదు. వోల్‌స్కీ అంతా విన్నాడు. చెంచా గిన్నెలో పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె చెబుతుందేమోనని అతను, అతనే అంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఎదురుచూశారు.

"మీరు వెళ్లిపోవాలి," అంది డెబోరా.

"సరే, మేడమ్."

"నన్ను క్షమించమని అడగను."

"అడగొద్దు. లండన్లో, పారిస్‌లో మంత్రులు మమ్మల్ని బయటికి పంపేముందు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఎంతో సానుభూతి చూపించారు. మీరు ఉన్నమాట చెప్పారు." కోటు తొడుక్కున్నాడు. "గంటకోసారి గంజి ఆపకండి. ఇవాళ గడిస్తే బతుకుతాడు."

తలుపు ఆమే తీసింది. ఆమే వేసింది. కిటికీలోంచి చూసింది. గాలహర్ ఆ తోలుసంచి లాక్కుని అర్జీ కట్టను మంటలో పడేశాడు. మొదటి పేరు వాడిదే. తర్వాత రాళ్లు విసురుతూ కందకం దాకా తరిమారు.

ఫీనీ బతికాడు. తొమ్మిదో రోజు లేచి కూర్చుని లెఫ్టినెంటు ఏడని అడిగాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. అతను కర్ర పట్టుకుని లేచాడు. పడిపోతారన్నా వినలేదు. ఆమె వెనకే నడిచింది.

వోల్‌స్కీ కందకంలోనే ఉన్నాడు. పట్నంవాళ్లు వెనక్కి రానివ్వలేదు, పల్లెవాళ్లు అవతలికి పోనివ్వలేదు. రెండు రోజులు బతికే ఉన్నాడని, నీళ్లు అడిగాడని అవతలి గట్టు మీద కాపలా ముసలివాడు చెప్పాడు. "ఇవ్వడానికి భయమేసింది," అన్నాడు, తలెత్తకుండా.

పార తెచ్చి అక్కడే గొయ్యి తవ్వారు. ఫీనీకి పది పారల మట్టి తీసేసరికి ఆయాసం వచ్చేది. మిగతాది డెబోరా తవ్వింది.

"తలుపు ఎవరు తీశారన్నావ్?"

"నేనే, దొరా."

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఆమె వండితే తినేవాడు. పిలిస్తే తలెత్తేవాడు కాదు.

అక్టోబరులో రోగం తగ్గాక ఆరోగ్య సంఘం గుమాస్తా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

"ఈ ఇంట్లో ఎంతమంది పోయారు?"

"ఒకరు. కాజిమిర్ వోల్‌స్కీ." డెబోరా అక్షరం అక్షరం చెప్పింది.

"కలరానేనా?"

గుమాస్తా జవాబు కోసం ఆగకుండా కలరా అని రాసుకున్నాడు. "దేశం?"

"పోలెండు."

"అలాంటి దేశం ఇప్పుడు లేదమ్మా. రష్యాలో కలిపేసినట్టు జారు ఫర్మానా వచ్చింది కదా. రష్యా అని రాస్తాను."

పొయ్యి దగ్గర కూర్చున్న ఫీనీ లేచాడు. "రష్యా అని రాస్తే నీ చెయ్యి విరుస్తా. పోలెండు అని రాయి."

గుమాస్తా భయపడి కలం సిరాలో ముంచి ఒక్క మాట రాసి, పుస్తకం ఆరబెట్టుకుంటూ గబగబా వెళ్లిపోయాడు. అతను రాస్తున్నప్పుడే డెబోరా భుజం మీదుగా చూసింది. 'విదేశీయుడు' అని ఉంది.

ఫీనీ ఆమె వైపు తిరిగాడు. ఏడు వారాల తర్వాత మొదటిసారి తెలుగులో మాట్లాడాడు.

"రాశాడా?"

"రాశాడు, దొరా," అంది.