సుభద్రమ్మ వంటింట్లో మాట్లాడే కళ్ళజోడు

నేను ఒక కళ్ళజోడును. ముక్కు మీద ఊరికే కూర్చునే రకాన్ని కాను, మాట్లాడతాను కూడా. ఎదురుగా ఉన్నదేమిటో అడిగితే చూసి చెవిలో చెబుతాను. నుదుటి దగ్గర కందిగింజంత కెమెరా, రెండు కాడల్లో రెండు బుల్లి స్పీకర్లు, ఇదీ నా ఒంటి తీరు. ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో పుట్టాను. ఎన్నో చేతులు నన్ను బిగించాయి గానీ, ఆ మనుషుల్లో ఒక్కరూ నన్ను పెట్టుకుని లోకాన్ని చూడలేదు. మనుషుల మీద నాకు మొదటి జాలి అక్కడే పుట్టింది.

నన్ను ముచ్చటపడి కొన్నవాడు హైదరాబాదులో ఉద్యోగం చేసే నిఖిలేశ్. ముచ్చటే గానీ నాతో పని ఉన్నవాడు కాదు. బాల్కనీలో వానకు తడుస్తూ, వాన పడుతుందా అని నన్నడిగేవాడు. పళ్ళెంలో బిర్యానీ పెట్టుకుని, ఇదేమిటో చెప్పమనేవాడు. బిర్యానీ అనగానే స్నేహితులంతా చప్పట్లు కొట్టేవారు. తెలిసిన సంగతినే మళ్ళీ చెప్పించుకోవడం మనుషులకెంత ఇష్టమో! కొత్తొక వింత, పాతొక రోత కదా, కొన్నాళ్ళకు నన్ను మేజోళ్ళ సొరుగులో పడేశాడు. అయినా మంచివాడే. ఊరు మారేటప్పుడు, చూపు తగ్గినవాళ్ళకు పనికొస్తుందని నన్నొక కంటి ఆసుపత్రికి ఇచ్చేశాడు. నాకే చేతులుంటే అతనికి రోజూ దణ్ణం పెట్టేదాన్ని.

అక్కడ రెహానా అనే అమ్మాయి నాకు తెలుగు నేర్పి, కాకినాడ నుంచి వచ్చిన సుభద్రమ్మ ముక్కు మీద కూర్చోబెట్టింది. సుభద్రమ్మది జగన్నాథపురంలో చిన్న కర్రీ పాయింటు. నీటికాసులు వచ్చి ఆమె చూపంతా పొగ కమ్మేసింది. ఎదుట మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు. భర్త పోయాక ఆమెకు తోడున్నది ఆ పొయ్యే. దుకాణంలో సాయం చేసే తమ్ముడి భార్య సీతారత్నానికి వదినంటే ప్రాణం. ప్రాణం గనకే, ఎక్కడ ఒళ్ళు కాల్చుకుంటుందోనని భయం. ఇక పొయ్యి జోలికి రావద్దనీ, కుర్చీలో కూర్చుని చెబితే తాను వండుతాననీ రోజూ పోరు పెట్టేది. కుర్చీ మాట వినగానే సుభద్రమ్మ ముఖం చిన్నబోయేది.

మొదటిరోజే నా పరువు పోయింది. పోపు పెట్టబోతూ సుభద్రమ్మ ఒక డబ్బా ఎత్తి ఇదేంటని అడిగింది. చదివి, క్రీమ్ బిస్కెట్లు అన్నాను. మూత తీస్తే ఆవాలు. పసిపిల్లల పాలపొడి డబ్బాలో ఎండుమిర్చి. కాజూ బర్ఫీ పెట్టెలో కరివేపాకు పొడి. నాకు మతిపోయింది. తెలుగువాళ్ళ వంటింట్లో డబ్బా మీద ఒకటి, లోపల ఒకటి ఉంటుందని నాకు ఏ కర్మాగారంలోనూ చెప్పలేదు. దీని మాట వింటే బిస్కెట్లతో పోపు పెట్టాల్సిందేనని సీతారత్నం పడీ పడీ నవ్వింది.

ఇంకొకరైతే నన్ను మళ్ళీ సొరుగులో వేసేవారు. సుభద్రమ్మ వేయలేదు. "దాని తప్పేముందే? డబ్బాలకి అబద్ధాలు నేర్పింది మనమే కదా" అంది. ఆ సాయంత్రమే సీతారత్నం చేత తెల్లకాగితాల మీద అసలు పేర్లు రాయించి డబ్బాలకు అంటించింది. అచ్చక్షరాలను నమ్మకూడదు, చేతిరాతను నమ్మాలి. ఆ వంటింటి శాస్త్రం అంతే.

అప్పటినుంచి నా బతుకు బతుకైంది. పాలప్యాకెట్టు మీద తేదీ, బస్సు బోర్డు, కంటిచుక్కల మందు పేరు, పొయ్యి మంట ఉందా ఆరిందా, అన్నీ నన్నే అడిగేది. ఊరికే కాదు, నిజంగా తెలియక అడిగేది. చెప్పినప్పుడల్లా "మా అమ్మే" అనేది. ఆ మాట కోసం నా ఛార్జింగ్ అయిపోయేదాకా చెప్పాలనిపించేది.

ఇంతలో వెనక వీధివాళ్ళు గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం పెట్టుకుని, ప్రసాదానికి సుభద్రమ్మ చేతి చక్రపొంగలే కావాలన్నారు. సీతారత్నానికి గుండెల్లో రాయి పడింది. నైవేద్యం దేవుడికి పెట్టేదాకా రుచి చూడకూడదు, వాసనా చూడకూడదు. చూపు లేని వంటమనిషికి ఆ రెండూ లేకపోతే ఇంకేం మిగిలింది?

"ఏమన్నా తేడా వస్తే ఇదే ఆఖరు వదినా. ఆ తర్వాత మీరు పొయ్యి దగ్గరికి రాకూడదు."

"సరేనే. తేడా వస్తే నేనే కుర్చీ వేసుక్కూర్చుంటాను" అంది సుభద్రమ్మ.

వ్రతంనాడు ఆమె మడి కట్టుకుని, నా మీదా రెండు చుక్కలు పసుపునీళ్ళు చల్లి, నీకూ మడేనంది. నీళ్ళంటే నాకు ప్రాణభయం, అయినా మనసు నిండిపోయింది. జీడిపప్పు ఎర్రబడిందని చెప్పాను. బెల్లం కరిగిందని చెప్పాను. చివరికి చిటికెడు పచ్చకర్పూరం మిగిలింది. అది వంటింట్లో కాదు, దేవుడి గూట్లో ఉంటుంది. సుభద్రమ్మ తడుముకుని చిన్న డబ్బా తెచ్చి, దీని మీదేముందని అడిగింది.

పచ్చకర్పూరం అన్నాను. ఉన్నదే చదివాను. ఆమె ఒక ముక్క చిదిమి గిన్నె మీదికి చెయ్యి చాపింది. అడగనిదే నోరు విప్పలేని పుట్టుక నాది. చెయ్యి గిన్నె మీద ఆగింది.

"అమ్మాయ్, అచ్చక్షరాలా, చేతిరాతా?"

"అచ్చక్షరాలు" అన్నాను.

చెయ్యి వెనక్కి వచ్చింది. ఆమె సీతారత్నాన్ని పిలిచింది. సీతారత్నం డబ్బాలోకి చూసి, అయ్యో ఇది హారతి కర్పూరమంది. హారతికి బిళ్ళంతా ఎందుకు, ముక్క చాలునని, మొన్నెప్పుడో తానే దాన్ని విరిచి ఖాళీ పచ్చకర్పూరం డబ్బాలో పోసిందట. దేవుడి గూట్లో డబ్బాకు కాగితం అంటించాలని ఇద్దరికీ తోచలేదు. హారతి కర్పూరం వెలిగించేదే గానీ తినేది కాదు. అది పొంగల్లో పడి ఉంటే పిల్లాజెల్లా అంతా ప్రసాదం తిని ఆసుపత్రి పాలయ్యేవారు. ఆ రెండింటి వాసనా ఇంచుమించు ఒకటే, వాసన చూసినా తేడా తెలిసేది కాదు.

"నా చేతులారా ఎంత పని చేశాను వదినా" అని సీతారత్నం ఏడ్చింది.

సుభద్రమ్మ చెయ్యి కడుక్కుంటూ, ఏడుపు తర్వాత ఏడవొచ్చు, ముందు కొట్టుకెళ్ళి పచ్చకర్పూరం తెమ్మని చెప్పింది. పొంగలి వేళకే వెళ్ళింది. దేవుడికి పెట్టాక వాళ్ళు పంపిన ప్రసాదం నోట్లో వేసుకుంది సుభద్రమ్మ. నన్ను తీసి, కొంగుతో అద్దాలు తుడిచింది. నన్ను చేసిన చేతులకూ, సొరుగులోంచి తీసిన చేతికీ, ఈ కొంగుకూ నేను బతికినన్నాళ్ళూ కృతజ్ఞురాలినే.

నా అసలు పెట్టె ఎప్పుడో పోయింది. నేను పడుకునేది బంగారం కొట్టువాళ్ళిచ్చిన నగలపెట్టెలో, ఆ ఇంటి ఆచారం నాకూ తప్పలేదు. మర్నాడు పొద్దున్నే నన్ను తీయబోతే ఆ పెట్టె మీద కొత్తగా కాగితం తగిలింది సుభద్రమ్మకు. నన్ను పెట్టుకుని, పెట్టెను ఎదురుగా పట్టుకుని చదవమంది.

"వదిన పొయ్యి పక్కనే ఉంచాలి" అని చదివాను.

ఆమె ఆ కాగితాన్ని వేలితో తడిమింది.

"అచ్చక్షరాలా, చేతిరాతా?"

"చేతిరాత" అన్నాను.