పేరుకు దోవ

డాక్టర్ హీనా అడిగిన ప్రశ్నలకు పూజారి రామం టకటకా జవాబులు చెప్పేస్తున్నాడు. కాపురముండేది జమ్మలమడుగులో అన్నాడు. ఇప్పుడున్నది ప్రొద్దుటూరు ఆస్పత్రిలో అన్నాడు. కూతురు నందిని అనంతపురం కాలేజీలో పాఠాలు చెబుతోందన్నాడు. క్యాంటీన్ ఇడ్లీ గట్టిగా ఉందని అడక్కుండానే చెప్పాడు. మెదడులో రక్తం గడ్డకట్టి పడిపోయిన మనిషి ఇంత చలాకీగా మాట్లాడుతుంటే పక్కన కూర్చున్న భార్య రుక్మిణికి ప్రాణం లేచొచ్చింది.

"మీ పక్కన కూర్చునిండేది ఎవరు సామీ?" అంది హీనా.

"ఎవరేంది, మా ఇంటామె."

"ఆమె పేరు?"

రామం నోరు తెరిచాడు. మూశాడు. ఫ్యాను వైపు చూశాడు, భార్య ముఖంలోకి చూశాడు. "నోట్లోనే ఆడతాండాది" అన్నాడు చివరికి. ఆడుతూనే ఉంది గానీ బయటికి రాలేదు.

అసలా పేరుతో ఆయనకు పనెప్పుడు పడింది గనక! పెళ్లయిన నాటినుంచీ "ఏమే". మరీ ప్రేమ పుట్టుకొస్తే "ఇదో". భార్యను పేరుపెట్టి పిలవడం వాళ్ల ఇంటా వంటా లేదు. ఊరికి ఆమె పూజారమ్మ, కూతురికి అమ్మ. ఇదంతా రుక్మిణికి తెలియంది కాదు. అయినా కూతురి పేరు గుర్తుండి, ఇడ్లీ గుర్తుండి, తన పేరు గుర్తు లేకపోవడమేమిటని ఉడుక్కుంది. జబ్బు మనిషి మీద కోపం తెచ్చుకోకూడదు కాబట్టి ఫ్లాస్కు మూత మీద తెచ్చుకుంది. అది ఎంత బిగించిందంటే ఆ సాయంత్రం నర్సు వచ్చి తీయాల్సి వచ్చింది.

వరండాలో హీనాను ఆపి అడిగింది. "పోయినట్లేనా అమ్మా, నా పేరు?"

"పోలేదమ్మా. యాడనో భద్రంగా ఉండాది. ఆడికి పోయే దోవ మూసుకపోయింది, అంతే. మనం ఏ చోట, ఏ పని చేస్తా ఒక మాట నేర్చుకుంటామో, ఆ చోటు, ఆ పనితో కలిసి అది మనసులో పడ్తాది. అట్లాంటి దోవ ఇంకోటి దొరికితే మళ్లా వస్తాది. గానీ మీరు అందియ్యగాకండి. అందిస్తే చిలకమాదిరి అంటాడు. ఆయనే ఎతుక్కుంటే దోవ గట్టిపడ్తాది."

అందించే ఉద్దేశం రుక్మిణికీ లేదు. మొగుడి నోటినుంచి తన పేరు అడుక్కుని తెచ్చుకుంటుందా! ఇంట్లో ఎవ్వరూ ఆయన ముందు ఆ పేరు ఎత్తకూడదని కట్టడి చేసింది. ఏ చోట దొరుకుతుందో కూడా ఆమెకు తెలుసు. పులివెందులలో, అత్తగారి పాత ఇంటి గడప దగ్గర. కొత్త కోడలిగా కాలు పెట్టబోతుంటే ఆడపడుచు లక్ష్మీప్రసన్న తలుపుకు అడ్డం నిలబడి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనంది. ఆయన తల వంచుకుని, "రుక్మిణి, నేను వచ్చినాం" అన్నాడు. జన్మకంతా ఆయన నోట విన్నది ఆ ఒక్కసారే. ఎన్నిసార్లు తలుచుకుందో ఆ మాటను, ఎన్ని అలకలు దాంతోనే తీర్చుకుందో.

ఆయన కాస్త కోలుకోగానే ముద్దనూరు మీదుగా బస్సెక్కించి పులివెందుల తీసుకుపోయింది. సంగతి ఫోన్లో ముందే విన్న లక్ష్మీప్రసన్న, మోకాళ్ల నొప్పులతోనే లేచొచ్చి గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"పేరు చెప్పు, లోపలికి పో" అంది తమ్ముడితో.

రామం ముఖం విప్పారింది. "అక్కా, ఆ పొద్దు ఈడనే గదా, నా పంచె మేకుకు తగులుకొని చిరిగింది! కొత్త సున్నం వాసన. నువ్వు పడీపడీ నగితివి. ఈమె మాత్రం నగకుండా, చిరుగు ఎవరికీ కనపడకుండా కొంగు అడ్డం పెట్టింది."

కొంగు సంగతి రుక్మిణే మరిచిపోయింది. ఆగలేక అడిగింది. "ఆ తర్వాత పేరు చెప్పినారు గదా?"

"యాడ చెప్పినా! సిగ్గయి నోరు పెగల్లేదు. 'ఈమె, నేను వచ్చినాం' అన్నా. ఆకలి మీదుండామని అక్క కనికరించి ఇడిచిపెట్టింది."

"నిజమే" అంది లక్ష్మీప్రసన్న. "వీడు చెప్పలేదు. నువ్వే 'మా ఆయన పేరు రామం' అని గట్టిగా అంటివి. మా అమ్మ నోరెళ్లబెట్టింది."

రుక్మిణి ఆ గడప వంక చూసింది. అనని మాటను ఇన్నేళ్లు ఎలా విన్నది? అది ఆయన గొంతే, వంచిన తలే, ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతోంది. ఆ పూట అన్నం సయించలేదు. పెరట్లోకి పోయి హీనాకు ఫోన్ చేసి, మతిమరుపు ఆయనకా తనకా అని నిలదీసింది.

హీనా మెల్లగా నవ్వింది. "అందరికీ అంతేనమ్మా. జ్ఞాపకమంటే పెట్టెలో దాచిన పట్టుచీర కాదు. తలుచుకున్న ప్రతితూరీ మళ్లా వండుతాం. మీరు మీకిష్టమైన తిరగమాత పెట్టుకున్నారు."

తిరగమాత! అంటే ఆ మనిషి జన్మలో తన పేరు పలకనే లేదన్నమాట. తిరుగు బస్సులో రుక్మిణి కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ కూర్చుంది. ఆయన తెచ్చిచ్చిన వేరుశనగకాయల పొట్లం ముట్టుకోలేదు. కాసేపటికి ఆయనే ఒలిచి చేతిలో పెడితే తింది.

ఊరు చేరిన మర్నాడే, తెల్లారకముందే రామం గుడికి పోతానని పట్టుబట్టాడు. ఆయన పడిపోయిన నాటినుంచి మరిది కొడుకు చంద్రమోహన్ పూజ చేస్తున్నాడు. కాళ్లు తడబడతాయని రుక్మిణి మోచెయ్యి పట్టుకుని నడిపించింది. రోజూ ఆ వేళకు ఆమె ఇంట్లో నైవేద్యం వండుతూ ఉండేది, అందుకని తొలిపూజ ఎలా జరుగుతుందో ఎన్నడూ చూడలేదు.

రామం దేవుడి ముందు పీట మీద కూర్చున్నాడు. వేలికి దర్భ ఉంగరం పెట్టుకున్నాడు. అరచేతిలో నీళ్లు పోసుకుని, తిథి మాత్రం చంద్రమోహన్‌ను అడిగి, సంకల్పం మొదలుపెట్టాడు. ఆ పైన నాలుక దానంతటదే దారిలో పడింది. సంవత్సరం, మాసం, వారం, గోత్రం గొలుసుకట్టుగా దొర్లిపోతున్నాయి.

"...రామ శర్మణః, ధర్మపత్న్యాః రుక్మిణీ నామధేయవత్యాః..."

"ఏమన్నారూ?" రుక్మిణి గుడి దద్దరిల్లేట్టు అరిచింది.

ఆయన ఆగిపోయాడు. "ఏందే, నడిమధ్యలో! తెగిపాయె గదా. ఇంగ మొదట్నించీ రావాల."

"పెద్దమ్మా, దినామూ ఇంతే" అన్నాడు చంద్రమోహన్. "మొదట మీ పేరు మీద అర్చన. ఆ తర్వాతనే ఊరోళ్లవి. నేను ఈడ పూజ నేర్చుకునేటప్పట్నించీ ఇంటాండా."

రుక్మిణి భర్త ముందు చతికిలబడి, "ఏదీ, ఇప్పుడు చెప్పండి నా పేరు" అంది.

రామం నోరు తెరిచాడు. రాలేదు. ఆయన ఈసారి కంగారుపడలేదు. "ఉండు, ఆడికి పోవాల" అన్నాడు. మళ్లీ అరచేతిలో నీళ్లు పోసుకున్నాడు. సంవత్సరం నుంచీ ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి, గోత్రం దాటి, రుక్మిణి దగ్గరికి చేరాడు.

"సరిగ్గా ఇనపళ్ళేదు" అందామె.

చంద్రమోహన్ నవ్వాపుకోలేక గంటలు తుడవడానికి పోయాడు. రామం భార్య వైపు తేరిపార చూశాడు. ఆమె కన్నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి, పెదవులేమో నవ్వుతున్నాయి.

"ఇనపళ్ళేదా?"

"లేదు."

అబద్ధమని ఆయనకు తెలుసు. అయినా మళ్లీ నీళ్లు పోసుకుని, మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఆ పేరు దగ్గరికొచ్చేసరికి ఆమె వైపు తిరిగి, గొంతు పెంచాడు.