కరీముల్లా వద్దన్న గొంతు

బాయిలర్ మీటర్లు చూసి, చెమట తుడుచుకుంటూ కరీముల్లా టైమాఫీసులోకి వచ్చేసరికి, అక్కడి గుమాస్తా నిహారిక తల పట్టుకుని కూర్చుంది.

"చాచా, ఈ ప్రోగ్రాం గూడ చాచీ కొత్త ఫోనుకు కలుస్తలేదు."

జిన్నారం అవతల ఉన్న ఆ మందుల ఫ్యాక్టరీలో, జుట్టు నెరిసేదాకా కరీముల్లాది ఒకటే పని. మంట చూడడం, వాల్వు తిప్పడం. పొట్టి మనిషి. చేతుల నిండా కాలిన మచ్చలు. అతని గురించి చెప్పుకోవడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ లేదు, పాపం. ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు. మధ్యాహ్నం టైమాఫీసు కంప్యూటరు టింగుమనగానే వచ్చి, ల్యాండ్‌లైన్ నుంచి ఇస్నాపూర్‌లో ఉన్న భార్యకు ఫోన్ చేస్తాడు. లోపల ఇట్టే మంటంటుకునే సాల్వెంట్లు ఉంటాయి కనుక సెల్‌ఫోన్లు గేటు దగ్గరే పెట్టి రావాలి.

అనీస్ బేగం చూపును షుగర్ తినేసింది. ఇన్సులిన్ పెన్ను టిక్కుటిక్కుమని తిప్పుకుని తనే పొడుచుకోగలదు. కానీ వేళ గుర్తుండదు. ఎవరో ఒకరు పిలవాలి.

కంప్యూటర్లో టింగుమని వేళ గుర్తుచేసే పాత ప్రోగ్రాం ఇప్పుడు అనీస్‌కు కొన్న స్మార్ట్‌ఫోనుతో పొసగనంటోంది. ఇంకోటి వెతకాలి. ఇక్కడ వేళలు రాసిపెడితే అక్కడ ఆమె ఫోను పలకాలి, భర్త పిలవలేకపోయినా సరే. ఎందుకంత తొందరో కరీముల్లా నిహారికకు చెప్పలేదు. తన గుండె ఆపరేషన్‌కు తట్టుకోదని డాక్టరు తేల్చేసిన సంగతి అనీస్‌కూ చెప్పలేదు. చెప్పి ఏడిపించడం తప్ప ఏముంది?

తర్వాత పెట్టిన ప్రోగ్రాం ఇంగ్లీషులో దంచింది. దాని తర్వాతది తెలుగే, కానీ ఏం తెలుగది! "ఔషధము తీసుకొనవలసిన సమయము ఆసన్నమైనది." అనీస్‌కు వినబడిందో లేదోనని కరీముల్లా ఫోన్ చేశాడు.

"ఎవరామె? వార్తలు సదివేటామెకు మనింట్ల ఏం పని?"

కరీముల్లా నవ్వి నవ్వి దగ్గుతెర వచ్చి, ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. నిహారిక నీళ్ళిచ్చి, మరొకటి తెరిచింది.

"దీంట్ల మన గొంతే రికార్డు చేసి పెట్టొచ్చు. మీదే పెడ్దం చాచా. చాచీ ఖుష్ అయితది."

కరీముల్లా మైకు మీదికి వంగాడు. "అనీస్..." అన్నాడు. ఆగిపోయాడు.

"తుడిపెయ్ బిడ్డా. ఆ వార్తలామెనే ఉండనీ."

"గదేంది! చాచీ ఆమెను తిడుతుంది గద?"

"తిట్టనీ. తిట్టుకుంటనే సూది ఏసుకుంటది. రేపు నేను లేనినాడు నా గొంతు ఇంటే అన్నీ ఇడిసిపెట్టి ఏడ్సుకుంట కూసుంటది."

"ఏం మాటలు చాచా, పోండి!" అంది నిహారిక. అయినా చెప్పినట్టే చేసింది.

సాయంత్రం గేటు దగ్గర ఫోను తీసుకుని ఇంటికి చేశాడు. "వస్తున్న. జామకాయలు తెస్త." షిఫ్టు బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. బల్ల మీద కూర్చున్న కరీముల్లా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే ఖననం చేశారు. నిహారిక వెళ్ళేసరికి అనీస్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కంట తడి లేదు. ముందు పక్కింటివాళ్ళు పెట్టిన అన్నం పళ్ళెం. "చాచీ" అన్న పిలుపుకు తల తిప్పింది.

"ఆఫీసు పిల్లవా? ఆయన గొంతు మీ కంప్యూటర్ల యాడన్న ఉందా బిడ్డా? జెర ఇనిపియ్."

నిహారిక ఆ 'అనీస్' అన్న ఒక్క మాటనూ నిన్న తన చేతులతోనే తుడిపేసింది.

"వద్దన్నడు చాచీ. ఇంటే మీరు సూది ఏసుకోరన్నడు."

"ముందే ఎరుకనా ఆయనకు?" అనీస్ పళ్ళాన్ని పక్కకు నెట్టింది. "సూపు పోయిన దానికి మిగిలింది ఆ గొంతొక్కటే. అది గూడ ఎంట తీస్కపోయిండా!"

అప్పుడు బోరుమంది. సరిగ్గా అప్పుడే ఫోనులోంచి వార్తలామె పలికింది.

"వస్తున్ననే, ఆగు! నీ నోరు పడిపోను," అని ఆ గొంతును తిడుతూ, ఏడుస్తూ, అనీస్ పెన్ను కోసం నేలంతా తడుముకుంది. ఆమె ఒడిలో ఫోను పిలుస్తూనే ఉంది.